ఒడి అంకె

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట మా ఆయన ప్రభుదాస్ పెళ్లయిన కొత్తలో ముద్దుగా అనేవాడు, ఇప్పుడు విసుగ్గా అంటున్నాడు. పాలవాడు చిక్కటి పాలు పోస్తే ఇవాళ ఇందులో ఏం కలిపాడా అని చూస్తాను. ఎవరైనా మరీ తియ్యగా పలకరిస్తే, నన్నేనా అని వెనక్కి తిరిగి చూస్తాను. కాకినాడలో ఒక కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షలు చేయడం నా ఉద్యోగం. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా "ఈ అక్షరం కనపడుతోందా" అని అడిగితే, కనపడకపోయినా కనపడుతోందనేవాళ్లే సగం మంది. అలాంటి ఉద్యోగంలో అనుమానం రాక భక్తి వస్తుందా?

అమృతవల్లి శిశుగృహం కార్యదర్శి పరాంకుశం గారు మరీ తియ్యగా మాట్లాడతారు.

"రండి తల్లీ, రండి. ఇదివరకటి రోజులు కావండీ ఇవి. పేరు చూసి, ప్రార్థన ఎక్కడ చేస్తారో చూసి దరఖాస్తు పక్కన పడేసే రోజులు పోయాయి. ఇప్పుడంతా మిషనేనండి. దానికి మతం తెలీదు, కులం తెలీదు. మీ పేరు కూడా చెప్పం దానికి."

ఆ రోజులు మాకు తెలుసు. అంతకుముందు దత్తత కోసం రెండు సంస్థల గడప తొక్కాం. ఒకచోట "పాపకి ఏ పండగలు చేస్తారమ్మా?" అని అడిగారు. క్రిస్మస్ అన్నాను. "మంచిదమ్మా, కబురు చేస్తాం" అన్నారు. ఆ కబురు ఇప్పటికీ దారిలోనే ఉంది. రెండోచోట నా పేరు కెజియా అని వినగానే, పిల్లలు లేరన్నారు. లోపల ఏడుస్తున్నదెవరో మరి. అందుకే ఈ మిషను సంగతి పేపర్లో చదివినప్పుడు మా ఆయన కంటే ముందు నేనే పరిగెత్తాను.

మిషను పేరు 'ఒడి'. చూడ్డానికి మెత్తటి పడక కుర్చీ. దాని నెత్తిన కొంగ మెడలా వంగిన కడ్డీ, కడ్డీ కొసన చిన్న కెమెరా. తల్లి కావాలనుకున్న మనిషి అందులో కూర్చుంటుంది. బిడ్డ కాలికి మెత్తటి పట్టీ కట్టి ఒడిలో పడుకోబెడతారు. బిడ్డ గుండె నెమ్మదిస్తోందా, ఊపిరి కుదురుగా ఉందా, చూపు ఆ మనిషి మొహం మీద నిలుస్తోందా, అన్నీ కలిపి తెర మీద ఒక అంకె వేస్తుంది. దాన్ని ఒడి అంకె అంటారు. డెబ్బై దాటితే బిడ్డ మీది. మూడుసార్లు కూర్చోనిస్తారు. తల్లుల ఒళ్లే కొలుస్తారు. తండ్రి ఒడి సంగతి శాస్త్రానికి ఇంకా అందలేదట.

దాన్ని తయారుచేసిన డాక్టరు మైథిలి గారు నా ఈడు మనిషి. నేత చీర, కళ్లజోడు, నుదుట గుండ్రటి కుంకుమ. నేను గుచ్చి గుచ్చి అడుగుతుంటే విసుక్కోలేదు.

"ఈ కుర్చీ ఎందుకు చేశానో తెలుసాండీ? నా ఫ్రెండు ఒకావిడ, పేరు జరీనా. ఆరేళ్లు తిరిగింది పిల్ల కోసం. ప్రతిచోటా నవ్వి పంపించారు. మనుషుల్ని నమ్మితే లాభం లేదనుకున్నాను. బిడ్డనే అడుగుదామనిపించింది. బిడ్డ అబద్ధమాడదు కదా."

ఆవిడ కళ్లలో నాకు కల్తీ కనపడలేదు. అయినా అనుమానం అనుమానమే.

ఆయా కరుణక్క పాపను తెచ్చింది. కరుణక్కది మా చర్చే, ఆదివారం ఆడవాళ్ల వరసలో నా వెనక కూర్చుంటుంది. ఇక్కడ మాత్రం ఎరగనట్టు మొహం పెట్టింది. ఉద్యోగం గొడవలేమోలే అనుకున్నాను. పాప అయిదు నెలల పిల్ల. అమ్మ పాల కోసం ఏడ్చి ఏడ్చి ఓడిపోయిన పిల్లలా కాకుండా, తన మణికట్టు తానే చప్పరించుకుంటూ తుమ్మెదలా రొద చేస్తోంది. ఒళ్లో పెట్టగానే ఇది నాది అనిపించింది. ఎంత అనుమానపు మనిషినైనా, ఆ ఒక్కదాంట్లో నాకు అనుమానం రాలేదు.

పాప నా మొహం వైపు చూసింది. చూపు కళ్ల దగ్గర ఆగలేదు, పైకి పోయింది. అక్కడ దేనికోసమో వెతికింది. దొరకలేదు కాబోలు, పక్కకి తిప్పేసుకుని ఏడుపు అందుకుంది. ఏం చూసిందా అని నేను వెనక్కి తిరిగి చూశాను. ఖాళీ గోడ.

ముప్ఫయి నాలుగు.

బయట హాల్లో ఒక బురఖా ఆవిడ గోడకి చేరబడి ఏడుస్తోంది. పేరు రజియా. మూడో పరీక్ష కూడా పోయిందట. "నా దగ్గిరే అలా ఎందుకు ఏడ్చాడండీ ఆ బాబు? మా అక్క పిల్లలందరూ నా సంకలోనే పెరిగారండి" అంటోంది. ఆవిడ పక్కనే పట్టుచీర కట్టుకున్న ఇంకో ఆవిడ పాసై బయటికి వచ్చింది. బిడ్డను బియ్యం సంచిలా చంకన ఇరికించుకుంది. తల కూడా పట్టుకోలేదు, కరుణక్క పరిగెత్తి పట్టుకుంది. ఆవిడ అంకె ఎనభై ఎనిమిదట.

"ఏవండీ, ఇందులో ఏదో ఉంది" అన్నాను ఇంటికొచ్చేదారిలో.

"నీకు ఇడ్లీలో కూడా ఏదో ఉంటుంది" అన్నాడు ప్రభుదాస్. మళ్లీ తనే, "నేనూ చూశాన్లే. ఆ బియ్యం సంచి ఆవిడ్ని" అన్నాడు. గుమ్మంలోకి వచ్చాక తాళం తియ్యకుండా ఇద్దరం అలాగే నిలబడ్డాం.

క్రిస్మస్ వచ్చింది. పండగ ముందు కజ్జికాయలు వేపుతుంటే ఒకటి బాణలిలో విచ్చుకుంది. నూనె చిట్లి సరిగ్గా కనుబొమల మధ్య పడింది. చుర్రుమంది. మర్నాటికి బొబ్బ, తర్వాత నల్లటి పెచ్చు. చర్చిలో పాస్టరమ్మ గారు నన్ను చూసి కళ్లు పెద్దవి చేసి, దగ్గరికొచ్చి చూసి, "ఓహో కాలిందా" అని స్థిమితపడ్డారు. ఆ పెచ్చుతోనే రెండో పరీక్షకి వెళ్లాను.

పాప చూపు పైకి పోయింది. ఈసారి అక్కడే ఆగిపోయింది. మణికట్టు నోట్లోంచి తీసేసింది. రొద మొదలుపెట్టింది, మా ఇంట్లో మిక్సీ అరిగిపోతే వచ్చే చప్పుడు. అంత చక్కటి చప్పుడు నా జన్మలో వినలేదు.

డెబ్బై ఎనిమిది.

మైథిలి గారు చప్పట్లు కొట్టేశారు. ప్రభుదాస్ తలుపు బయట నిలబడి జేబురుమాలు వెతుక్కుంటున్నాడు. అంతలో పరాంకుశం గారు లోపలికి వచ్చారు. అంకె చూశారు. తర్వాత నా నుదురు చూశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి ఆయన నుదుటి మీదికి పోయింది.

"చాలా సంతోషం తల్లీ. కానీ మొదటిదానికీ దీనికీ మరీ తేడా వచ్చింది కదండీ. మూడోది కూడా చేసేద్దాం. ఆ కాలింది మానాక రండి. తొందరేముందండీ?"

కాలింది మానాక! పాప నచ్చిందా లేదా అన్నదానికీ నా కాలిన మచ్చకీ సంబంధం ఏమిటి? నేనడగలేదు. అడిగితే ఆయన జాగ్రత్తపడతాడు. నవ్వి, నమస్కారం పెట్టి వచ్చేశాను. ఆ వారంలోనే పెచ్చు రాలిపోయింది. నుదురు ఎప్పటిలా బోసిగా, నున్నగా ఉంది. జీవితంలో మొదటిసారి, పుండు మానినందుకు ఏడ్చాను.

విషయం నాకు ఆసుపత్రిలో తట్టింది. పసిపిల్లల చూపు ఎలా చూస్తామంటే, తెల్లటి అట్ట మీద నల్లటి గుండ్రం ఒకటి వేసి కళ్ల ముందు అటూ ఇటూ తిప్పుతాం. చూపున్న బిడ్డ ఆ చుక్క వెంట పడుతుంది. ఎన్నేళ్లుగా చేస్తున్న పనో! ఆ పొద్దున ఎవరి బాబు ముందో అట్ట తిప్పుతుంటే నా చెయ్యి ఆగిపోయింది. ఆ చుక్క ఎక్కడుంది? నా నుదుటి ఎత్తులో ఉంది.

రజియా నుదురు గుర్తొచ్చింది. బోసి. నాది బోసి. పట్టుచీర ఆవిడకి రూపాయి బిళ్లంత బొట్టు. మైథిలి గారికి కుంకుమ. ఆయాలు ఒక్కొక్కళ్లే గుర్తొచ్చారు. అందరికీ ఒకటే సైజు, ఒకటే మెరూన్ రంగు బొట్టు. కరుణక్కకి కూడా.

కరుణక్కకి కూడానా?

ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ్ని చర్చి వెనక చెప్పుల దగ్గర పట్టుకున్నాను. నుదురు కడిగిన పలకలా ఉంది.

"అక్కా, శిశుగృహంలో బొట్టెందుకు పెట్టుకుంటావు?"

ఆవిడ అటూ ఇటూ చూసింది. "అది యూనిఫారమమ్మా. నీలం చీర, బొట్టు. గేటు దాటాక తీసేత్తాను. పాస్టరు గోరికి సెప్పకే తల్లీ."

"మొదట్నుంచీ ఉందా ఆ రూలు?"

"లేదే. మిసను వచ్చిన నెలలోనే పెట్టారు. అప్పటిదాకా నేను ఇలాగే పోయేదాన్ని. పరాంకుశం గోరే దగ్గరుండి ఒక్కొక్కళ్లకీ బొట్టుబిళ్లల అట్ట ఇచ్చారు. పిల్లలకి ఒకే మొకం అలవాటవ్వాలంట. బొట్టు లేకండా ఉయ్యాల దగ్గిరికి పోతే జీతం కోత్తారు." చేతిసంచీ వెతికి సగం వాడిన అట్ట ఒకటి నా చేతిలో పెట్టింది. "నా పేరు ఎత్తకమ్మా. నాకున్న ఆధారం అదొక్కటే." ఎత్తనని మాటిచ్చాను.

మెరూన్ చుక్కలు వరసగా నన్నే చూస్తున్నాయి. మిషనుకు మతం తెలియదన్నది నిజమే. దానికి చెప్పక్కర్లేదు. పిల్లలకి నేర్పితే చాలు.

ఇంట్లో ప్రభుదాస్ అంతా విని, అట్ట అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పెట్టుకో" అన్నాడు.

"ఏంటండీ?"

"ఒక్కటి అంటించుకుని కూర్చో. అంకె వస్తుంది. పాప మనింటికి వస్తుంది. తర్వాత గట్టర్లో పారేయి. నువ్వు గొడవ పెడితే ఏమవుద్దో తెలుసా? మిషను ఆపుతారు, ఎంక్వయిరీ అంటారు, పాపని ఇంకో ఊరు పంపేస్తారు. మనం గెలుస్తాం, పాప పోద్ది. కెజియా, నాకు గెలుపు వద్దు. పాప కావాలి."

నాకు బొట్టు మీద కోపం లేదు. పక్కింటి సుభాషిణి పొద్దున్నే తలంటుకుని బొట్టు పెట్టుకుని వస్తే ముద్దొస్తుంది. కానీ మా అమ్మమ్మ బాప్తిస్మం తీసుకున్న రోజున గోదావరిలో నుదురు కడుక్కుంది. పొలం పనిలోంచి తీసేశారు. వాళ్ల అన్నదమ్ములు మాట్లాడటం మానేశారు. అయినా చచ్చేదాకా ఆ నుదుటితోనే తిరిగింది. ఆ నుదురే నాకు వచ్చింది. అది చెల్లదని ఒకడు మిషను చేత చెప్పిస్తుంటే, నేనే వాడికి సాక్ష్యం సంతకం పెట్టాలా? మరోవైపు తుమ్మెద రొద చెవుల్లోంచి పోవడం లేదు. ఆ వారం మా ఇంట్లో కూరల్లో ఉప్పుందో లేదో మాకిద్దరికీ తెలియలేదు.

మూడో పరీక్ష రోజున అట్ట పర్సులో పెట్టుకుని వెళ్లాను. ఏం చేస్తానో, ఒట్టు, అప్పటికీ నాకు తెలియదు.

గదిలో మైథిలి గారు, పరాంకుశం గారు ఉన్నారు. కరుణక్క పాపను ఒళ్లో పెట్టి కాలికి పట్టీ కట్టింది. పాప చూపు పైకి పోయింది, వెతికింది, మొహం ముడుచుకుంది. ఆ పెదవి వంకర తిరగడం చూడలేకపోయాను. శాస్త్రం, అమ్మమ్మ, గోదావరి అన్నీ ఎగిరిపోయాయి. పర్సు తెరిచి, ఒక చుక్క తీసి అంటించుకున్నాను.

రొద మొదలైంది. అంకె ఎక్కింది, ఎక్కింది. తొంభై ఒకటి.

"అద్దీ!" అన్నారు పరాంకుశం గారు. ఆ నవ్వు చూశాను. పాప దొరికిందన్న నవ్వు కాదది, లొంగిందన్న నవ్వు. "ఎంత చక్కగా ఉన్నారో చూడండి తల్లీ. ఇంత చిన్న సర్దుబాటుకి అన్ని పరీక్షలా? ఇంక సంతకాలు పెట్టేసుకుందాం."

ఆ నవ్వు లేకపోతే సంతకం పెట్టేసేదాన్నేమో. ఆ నవ్వే నన్ను పాడుచేసింది.

"డాక్టరు గారూ, మిషను ఆపకండి. తెర చూడండి" అన్నాను. గోటితో చుక్క పీకేశాను.

పాప చూపు తడబడింది. తొంభై ఒకటి కాస్తా అరవై, నలభై, ఇరవై తొమ్మిది. పాప గుక్కపట్టింది. మైథిలి గారు తెరనీ, నా వేలి కొసన చుక్కనీ మార్చి మార్చి చూశారు.

"ఇది బొట్టుని చూస్తోంది" అన్నారావిడ, ఎవరో చెంప మీద కొట్టినట్టు. "మొహం మీద చూపు నిలిచిందా లేదా అన్నదే లెక్కేశాను. మొహంలో ఎక్కడ అన్నది నేనడగలేదు."

"అదేం కాదమ్మా" అన్నారు పరాంకుశం గారు, గొంతు పెంచకుండానే. "ఈవిడ కొత్త మనిషి. రెండుమూడుసార్లు చూసిన మొహం. బిడ్డ బెదిరింది. అంతే."

పాప కళ్లు తుడిచే దూది గిన్నె బల్ల మీద ఉంది. మైథిలి గారు ఒక ముక్క తడిపి తన నుదుట కుంకుమ తుడిచేశారు. ఎర్రమరక పోయేదాకా రుద్దారు.

"అమ్మా, అమ్మా!" కరుణక్క గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అయ్యగోరు నిక్షేపంలా ఉండగా అదేం పనండీ!"

"ఆయనకేం కాదులే కరుణా. కెజియా గారూ, లేవండి, నన్ను కూర్చోనివ్వండి." ఆవిడ పాపను అందుకుని కుర్చీలో కూర్చున్నారు. "ఇది ఇక్కడికి వచ్చిన రోజు నుంచి నా చేతుల్లో పెరిగింది. రోజూ నేనే ఎత్తుకుంటాను. నా దగ్గర తొంభైకి ఎప్పుడూ తగ్గలేదు."

పాప ఆవిడ మొహం చూసింది. పైకి వెతికింది. ఏడ్చింది. ముప్ఫయి మూడు.

ముందు పరాంకుశం గారే తేరుకున్నారు.

"అయితే మాత్రం ఏం? మిషను సరిగ్గానే చెప్తోంది కదా. బిడ్డకి అలవాటైన మొహం కావాలి. అలవాటైన ఇంటికే పంపిద్దాం. బిడ్డ క్షేమమే కదండీ మనకి కావాల్సింది?"

"అలవాటు చేసిందెవరు?" అన్నాను.

"నాకేం తెలుసు తల్లీ. ఆయాలు వాళ్లిష్టప్రకారం పెట్టుకుంటారు."

నేను కరుణక్క వైపు చూడలేదు. మాటిచ్చాను. కానీ ఆవిడే ముందుకొచ్చింది. నుదుటి మీది చుక్క తీసి పరాంకుశం గారి ముందు బల్ల మీద అంటించింది.

"మా ఇట్టం కాదండి. ఈ బాబే ఇచ్చారండి, మిసను వచ్చిన నెలలో. నేను కిరస్తానీదాన్నని తెలిసే ఇచ్చారండి."

మైథిలి గారు పాపను భుజాన వేసుకుని లేచారు. "ఆ నెలలోనే మీరు నన్నడిగారు. పసిపిల్లలు మొహంలో ముందుగా దేన్ని పట్టుకుంటారమ్మా అని. ముదురు రంగు గుండ్రాన్ని అని చెప్పాను. కుతూహలం కొద్దీ అడిగారనుకున్నాను." "జరీనా కోసం చేశాను దీన్ని. మొన్న వేసవిలో జరీనా ఇదే కుర్చీలో కూర్చుంది. ముప్ఫయి ఒకటి వచ్చింది. నీలోనే ఏదో లోపం ఉందేమోనే అని నా నోటితో నేనే అన్నాను దాంతో."

ఆవిడ గోడ దగ్గరికి వెళ్లి స్విచ్చి ఆపేశారు. కొంగమెడ కెమెరా కన్ను ఆరిపోయింది.

"మిషను ఆగితే ఈవిడకి పాప ఎలా వస్తుందో!" అన్నారు పరాంకుశం గారు. అప్పటికి తీపి మొత్తం పోయింది. ప్రభుదాస్ భయపడ్డది ఇదే.

"ఎప్పుడో వచ్చింది. రెండో పరీక్షలో డెబ్బై ఎనిమిది. డెబ్బై దాటితే బిడ్డను ఇవ్వాలి, అది నేను రాసిన రూలు. మూడోది మీ సొంత కవిత్వం."

"అది కాలిన మచ్చ చూసి వచ్చిన అంకె!"

"నూనె మచ్చకి మతం లేదుగా పరాంకుశం గారూ. ఎవరి దగ్గరికైనా వెళ్లి ఫిర్యాదు చేసుకోండి. మచ్చ లేకపోతే అంకె ఎందుకు రాదో వాళ్లకి మీరే చెప్పండి."

అలా వచ్చింది పాప మా ఇంటికి. హెప్సిబా అని పేరు పెట్టుకున్నాం. పరాంకుశం గారి మీద విచారణ నడుస్తోంది, తియ్యగానే నడుస్తోందని విన్నాను. పరీక్ష పోయినవాళ్లందరికీ మైథిలి గారు తానే ఫోన్లు చేసి పిలిచారు. జరీనా ఫోను ఎత్తలేదట. రజియా వెళ్లేసరికి ఆ బాబు ఇంకెవరి ఇంటికో వెళ్లిపోయాడు. ఆ అంకె నిజమేనేమో, నా ఒళ్లో ఏదో లోపం ఉందేమో అని ఆవిడ ఇప్పటికీ అంటుందట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

కథ అక్కడితో అయిపోయిందనుకుంటారు. మిషను ఆగింది గానీ అది నేర్పిన పాఠం మాత్రం పాప కళ్లలో ఉండిపోయింది. ఎత్తుకున్నప్పుడల్లా నా నుదుట వెతికేది. దొరక్క ఏడ్చేది. సుభాషిణి వస్తే చాలు, ఆ బొట్టు చూసి తుమ్మెదై రొద చేసేది. పాపం ఆవిడ సిగ్గుపడి రావడం తగ్గించింది. మిగిలిన అట్ట బీరువా అద్దం వెనక దాచాను. పారేయలేదు. ఎందుకు పారేయలేదంటే, అబద్ధమెందుకు, ఆ ఏడుపు భరించలేని రోజు వస్తుందని భయం. ఒకసారి చుక్క వేలి మీదికి తీసుకుని అద్దం ముందు నిలబడ్డాను కూడా. ప్రభుదాస్ చూశాడు, పాపను తీసుకుని బజారుకి పోయాడు. నేను చుక్కని మళ్లీ అట్టకి అంటించేశాను.

నిన్న మధ్యాహ్నం పాపకు గుజ్జన్నం పెడుతున్నాను. ఎప్పటిలాగే పైకి చూసింది, వెతికింది. ఏడుపుకి సిద్ధపడి నేను ముందే "అయ్యో అయ్యో" అంటున్నాను. ఏడవలేదు. గుజ్జన్నం చెయ్యి చాచి నా కనుబొమల మధ్య పెట్టింది, ఖాళీగా ఉన్నచోట. తడిమింది. చెయ్యి తీసి, నా కళ్లలోకి చూసి, ఉన్న రెండు పళ్లూ బయటపెట్టి నవ్వింది.

నా అనుమానం పోతుందా? గబుక్కున వెనక్కి తిరిగి చూశాను. సుభాషిణి గానీ వచ్చిందా, గోడ మీద ఏ మచ్చ గానీ ఉందా అని.

ఖాళీ గోడ. నన్నే.